పాత సంవత్సరాలు మూసేశాక

మా అపార్ట్‌మెంట్‌లో నన్ను కంప్యూటర్ అంకుల్ అంటారు. ముప్పై ఏళ్లుగా ఇంటి జమాఖర్చులు పైసాతో సహా కంప్యూటర్‌లో రాస్తున్న మనిషి దిల్‌సుఖ్‌నగర్ మొత్తంలో నేనొక్కణ్ణే. లక్ష ఎంట్రీలు. ఒక్క తప్పు లేదు.

ఆగండి. ముప్పై ఏళ్లు కాదు, పందొమ్మిది. అందులో రెండేళ్లు మోకాలి ఆపరేషన్ పేరు చెప్పి రాయలేదు. లక్ష అన్నది ఎవరూ కూర్చుని లెక్కపెట్టరన్న ధైర్యంతో అన్నాను. కంప్యూటర్ అంకుల్ అన్నది మా వాచ్‌మన్ ఒక్కడే, అదీ ఆ పెట్టెను మూడో అంతస్తుకి మోసుకొచ్చిన రోజున, ఆయాసపడుతూ. దిల్‌సుఖ్‌నగర్ మొత్తం సంగతి నాకు తెలియదు. ఇక తప్పుల సంగతి అంటారా, అది చెప్పడానికే ఇది మొదలుపెట్టాను.

నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. రిటైర్మెంటుకి మూడేళ్ల ముందు కోఠీలో ఒక సీడీ కొన్నాను. ఇంటి లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్. ఏ తేదీన, ఎవరికి, ఏ పద్దు కింద, ఎంత ఇచ్చామో వరసగా నింపాలి. చివర్లో రిమార్కులకని ఒక చిన్న ఖాళీ గడి ఉంటుంది. ఆ గడి చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఏ ఫైలు మీదా నా అభిప్రాయం ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇక్కడ అడిగారు. అందుకని రోజూ రాసేవాణ్ణి. "వంకాయలు రెండు కిలోలు. ఒక కిలో చాలని ముందే చెప్పాను." "గ్యాస్ సిలిండర్. బావమరిది కుటుంబం వచ్చి వెళ్లినందున పది రోజుల ముందే అయిపోయింది." ఇలాంటివి.

నెలాఖరుకి చేతిలో ఉన్న డబ్బుకీ తెర మీద ఉన్న డబ్బుకీ ఎప్పుడూ పొంతన కుదిరేది కాదు. తేడా ఎంతుంటే అంత "ఇతరములు" అనే పద్దులో పారేసేవాణ్ణి. ఆ పద్దులో ఏముందో ఇప్పుడు దాచడం దేనికి. చైతన్యపురి మెట్రో కింద బండి మీద మిరపకాయ బజ్జీలు. డాక్టరు వద్దన్నవి. బజ్జీలు పోను మిగిలింది పాత ఇన్వర్టర్ బ్యాటరీ తెచ్చిన అట్టడబ్బాలో దాచేవాణ్ణి. దాచి ఏం చేద్దామనో నాకూ తెలియదు. దాచడం ఒక అలవాటు.

సరే, అసలు సంగతి. పద్నాలుగేళ్ల క్రితం మా అమ్మాయి పెళ్లయింది. చదివింపులు రాసిన నోటుబుక్కు తెచ్చుకుని వారం రోజులు కూర్చుని ఒక్కొక్క పేరూ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఎక్కించాక ఆ నోటుబుక్కుని పాత పేపర్లతో పాటు తూకానికి వేసేశాను. ఇక కాగితంతో పనేముంది అని నలుగురి ముందూ అన్నాను కూడా. ఆ తర్వాత మా చుట్టాల్లో నా స్థాయి ఒక్కసారిగా పెరిగింది, వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్ల చదివింపులు కూడా నా చేతే ఎక్కించుకున్నారు. ఎవరింట్లో పెళ్లి వచ్చినా, వాళ్లు మనకెంత చదివించారో తెలియందే మనం ఎంత పెట్టాలో తేలదు కదా. నాకు ఫోన్ చేసేవారు. నేను "ఒక్క నిమిషం" అని, కళ్లజోడు పెట్టుకుని, మీటలు టకటకలాడించి, "ఐదు వందల పదహారు, సాయంత్రం వచ్చారు, భోజనం చేయకుండా వెళ్లారు" అని చెప్పేవాణ్ణి. తెనాలి నుంచి మా ఆవిడ వదిన కూడా తనకు వచ్చిన చదివింపులు నాతోనే ఎక్కించుకుంది. ఆమె సంగతి మళ్లీ వస్తుంది.

ఆ పెళ్లికి ముందు మేం తొమ్మిదేళ్లు ఎల్బీ నగర్‌లో ఒక పోర్షన్‌లో కిరాయికున్నాం. ఓనర్లది పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు. ఆయన కుర్రతనం నుంచీ నేతపని చేసి, చాలా తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణం పెట్టాడు. ఆ ఓనరమ్మా మా ఆవిడా తొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో పుట్టినవాళ్లలా ఉన్నారు. మా గోంగూర పచ్చడి అటు వెళ్లేది, వాళ్ల సర్వపిండి ఇటు వచ్చేది. ఈమె అక్కా అనేది, ఆమె చెల్లే అనేది. ఒకరికి జ్వరం వస్తే రెండోవాళ్లింట్లో కూడా ఆ పూట గంజే.

పెళ్లయిన వారానికి, నేను పేర్లు ఎక్కిస్తుంటే మా ఆవిడ వెనక నిలబడి అడిగింది, అక్క వాళ్లు ఎంత చదివించారని. నేను వాళ్ల పేరు వెతికి, ఆఫీసు గొంతుతో చదివాను.

"సున్నా."

ఆవిడ కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. రెండు నెలలకి మేం దిల్‌సుఖ్‌నగర్‌లో సొంత ఫ్లాట్‌లోకి వచ్చేశాం. మధ్య దూరం ఎంతో కాదు. అయినా ఆవిడ ఆ ఇంటి గడప తొక్కలేదు. ఫోన్ వస్తే బాగున్నాం అక్కా, మీరు బాగున్నారా, ఉంటాను. అంతే. డబ్బు గురించి కాదండీ, అని ఒకే ఒక్కసారి నాతో అంది. తొమ్మిదేళ్లలో మనం వాళ్లకి నూట పదహార్ల పాటి కూడా చేయలేదా అని.

ఇలా పద్నాలుగేళ్లు గడిచాయి. ఈలోగా నా సాఫ్ట్‌వేర్‌కి వయసు మీద పడింది. మీట నొక్కి విజయవాడ వెళ్లి వచ్చినా తెరుచుకునేది కాదు. విజయవాడ అబద్ధం. హయత్‌నగర్ కూడా అబద్ధమే. కానీ నొక్కి స్నానానికి వెళ్లి, విభూతి పెట్టుకుని వచ్చేసరికి కూడా తెర మీద ఆ గుండ్రం తిరుగుతూనే ఉండేది, ఇది నిజం. కోచింగ్ సెంటర్ల సందులో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన ఉన్నాడు, నా కొడుకు వయసువాడు. ఆయన దగ్గరికి మోసుకెళ్లాను. ఆయన లోపల చూసి నెత్తి గోక్కున్నాడు.

"గిన్ని పాత లెక్కలు ఎందుకు మోస్తున్నరు సార్? పాత సంవత్సరాలు క్లోజ్ చేయుండ్రి. మిగిలిన పైసలు ఒక్క లైన్ల ముందరికి వస్తయి. కానీ జర బ్యాకప్ చూసుకోండ్రి."

బ్యాకప్ ఉంది అన్నాను. ఉండేది. ప్రతి ఉగాదికీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టేవాణ్ణి. ఇంటికొచ్చి "పాత సంవత్సరాలు మూసివేయి" అన్నట్టున్న మీట నొక్కాను. బ్యాకప్ ఉందా అని అడిగింది. ఉంది. నిజంగా ఉందా అని అడిగింది. ఉందన్నాను. ఈ పని వెనక్కి తీసుకోవడం కుదరదు, సరేనా అని అడిగింది. మా ఆఫీసులో కూడా ఇన్నిసార్లు అడిగేవారు కాదు. చిరాకేసి సరే నొక్కాను.

తర్వాత రెప్ప వేసి తీసేలోగా తెరుచుకోవడం మొదలైంది. పైన ఒకటే వరస, ప్రారంభ నిల్వ అని, పక్కన ఒక అంకె. పందొమ్మిదేళ్ల వంకాయలూ సిలిండర్లూ పెళ్లిళ్లూ అన్నీ కలిసి ఒక్క అంకె. పదకొండు రోజులు ఆ వేగం చూసి మురిసిపోయాను. పెన్‌డ్రైవ్ సంగతి మాత్రం ఆ తర్వాత గుర్తొచ్చింది. కిందటి శ్రావణ మాసంలో మా ఆవిడ టీవీలో పెట్టుకునే భక్తి పాటల కోసం దాన్ని శుభ్రంగా తుడిచేసి పాటలు నింపింది నేనే.

పన్నెండో రోజు పొద్దున కాలింగ్ బెల్ మోగింది. ఎల్బీ నగర్ ఓనర్లు. చిన్న కొడుకు కూతురి పెళ్లి. శుభలేఖ నాలుగు మూలలా పసుపు రాసి తెచ్చారు. ఓనరమ్మ నిలబడే మా ఆవిడకి బొట్టు పెట్టి, "నువ్వు తప్పక రావాలె చెల్లే" అంది. మా ఆవిడ వస్తామక్కా అంది. మంచినీళ్లు ఇచ్చింది. కూర్చున్నంతసేపూ ఇద్దరూ గోడ మీద క్యాలెండర్ చూస్తూ మాట్లాడుకున్నారు. నేనూ ఆయనా మోకాళ్ల గురించి మాట్లాడుకున్నాం.

వాళ్లు వెళ్లాక ఆవిడ శుభలేఖ చేతిలోనే పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"ఏవండీ, అప్పుడు సున్నా అన్నారు. నాకెందుకో మనసొప్పడం లేదు. ఆ మనిషి అలా చేసే మనిషి కాదు. ఇంకోసారి సరిగ్గా చూసి చెప్పండి."

నేను చూస్తానన్నాను. తలుపు దగ్గరగా వేసి, ఏమీ లేని తెర ముందు పావుగంట మీటలు కొట్టాను. పోయాయని చెప్పొచ్చు. సున్నాయే అని మళ్లీ చెప్పొచ్చు. కానీ బొట్టు పెట్టించుకున్నప్పుడు మా ఆవిడ మొహం చూశాను. ఎంతో కొంత ఉందని చెప్తే ఈ ఇద్దరూ మళ్లీ కలుస్తారనిపించింది. ఇది కొంతవరకు నిజం. అంతకన్నా పెద్ద నిజం, నాకు తెలియదు అనడం నా నోటికి రాదు. వెయ్యి నూట పదహారు అందామని బయటికొచ్చాను. నా నోరు ఎప్పుడూ నేననుకున్న చోట ఆగదు.

"ఐదు వేల నూట పదహారు," అన్నాను. "అప్పుడు పొరపాటున పై వరస చదివాను."

ఆవిడ సోఫాలో కూలబడింది. ఐదు వేలా అని మెల్లిగా తనలో తను అనుకుంది. మీరు వరస తప్పు చదివితే నేను పద్నాలుగేళ్లు ఆ మనిషితో ముభావంగా ఉన్నానా అంది. ఐదుకి పది కట్టాలి, పదివేల నూట పదహారు పెడదాం అంది. ఇంతవరకు నేను ఊహించిందే. తర్వాత ఫోన్ అందుకుంది. అది ఊహించలేదు. చెవి సరిగ్గా వినపడక ఆవిడ ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడుతుంది. కాబట్టి నేను ఎక్కడికీ పారిపోవడానికి లేకపోయింది.

"అక్కా, నేను. నన్ను క్షమించాలి నువ్వు."

"ఏమైంది చెల్లే? ఇప్పుడే గద వచ్చినం."

మా ఆవిడ గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. మీరు ఐదు వేలు చదివించారు, మా ఆయన తప్పు చదివాడు, నేను ఏదేదో అనుకున్నాను. అవతల ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసింది.

"ఐదు వేలా? మేం పైసలు పెట్టలే చెల్లే. దుకాణం కొత్తగ పెట్టినం, మా తాన యాడివి అప్పుడు? చీర పెట్టినం. ఈయన నేసిండు. ఊర్ల మగ్గం అమ్మే ముందుగాల నేసిన ఆఖరి చీర. నువ్వు మండపంల ఉంటివి, సార్ చేతికిచ్చినం."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను క్యాలెండర్ వైపు చూశాను.

"ఏ చీర అక్కా?"

"ఏ చీర ఏంది? కడతనే ఉన్నవు గద. నీలం రంగుది, ఎర్ర అంచు. మొన్న చంపాపేట్ల పెండ్లికి కట్టుకొచ్చినవు. ఈయన దూరంకెల్లి చూసి మస్తు ఖుష్ అయిండు. నువ్వు సరిగ మాట్లాడకపోతివి. సొంత ఫ్లాట్ కొన్నరు, పెద్దోళ్లయిండ్రు అనుకున్న. కానీ చీరైతే కడుతున్నది గద, గంతే చాలు అనుకున్న."

మా ఇంట్లో ఆ చీర పేరు వదిన చీర. తెనాలి వదిన పెట్టిందని పద్నాలుగేళ్లుగా మా ఆవిడ నమ్మకం. ఏ ముఖ్యమైన పెళ్లికైనా అదే కట్టేది. కట్టినప్పుడల్లా తెనాలికి ఫోన్ చేసి, వదినా, నువ్వు అంత దూరం నుంచి వచ్చి కూడా పోచంపల్లి చీర ఏరి పెట్టావు, ఎంతమంది అడిగారో అని చెప్పేది. ఆమె ప్రతిసారీ, ఏదోలే, నీకు నచ్చిందిగా అని ఒప్పుకునేది.

ఫోన్ పెట్టేశాక నేను ఆఫీసులో మెమోకి జవాబిచ్చినట్టు ఒక్కొక్కటే ఒప్పుకున్నాను. పెళ్లిలో ఓనరమ్మ ఇచ్చిన కవరు నేనే తీసుకున్నాను. తీసుకెళ్లి వదిన తెచ్చిన చీరల మీద పెట్టాను. రాసేటప్పుడు సాఫ్ట్‌వేర్ అంకె వేయందే ముందుకు పోలేదు. చీర ఖరీదు తెలియక సున్నా వేశాను, వేశాక ఇవాళ ఓనరమ్మ చెప్పేదాకా ఆ చీర సంగతే మరిచిపోయాను. రిమార్కుల గడిలో "చీర" అని రాశానేమో, రాయలేదేమో. లోకంలో ప్రతి వంకాయ మీదా అభిప్రాయం రాసినవాణ్ణి, అక్కడ ఏం రాశానో గుర్తులేదు. చూద్దామంటే పాత సంవత్సరాలన్నీ మూసేశాను. బ్యాకప్ మీద నీ భక్తి పాటలున్నాయి. ఐదు వేల నూట పదహారు నేను కల్పించాను.

"ఇంకేమైనా ఉన్నాయా?" అంది.

"బజ్జీలు."

"అవి నాకు తెలుసు."

ఆ పూట వంటింట్లో గిన్నెలు కొంచెం గట్టిగా మోగాయి. భోజనం పెట్టింది. పప్పులో ఉప్పు వేయలేదు, మరిచిపోయి కాదు. నేను మెచ్చుకుని తిన్నాను. చేయి కడుక్కుంటుంటే వెనక నుంచి చెప్పింది.

"రేపు ఎల్బీ నగర్ వెళ్లండి. ఇప్పుడు నాకు చెప్పిందంతా వాళ్ల ముందు చెప్పండి. ఒక్క అంకె కూడా పెంచకుండా."

మర్నాడు ఎర్రటి ఎండలో, ఈ మోకాళ్లతో, నడుచుకుంటూ ఎల్బీ నగర్ వెళ్లాను. కాదు, మెట్రోలో వెళ్లాను. సీటు కూడా దొరికింది. ఏసీ కాస్త ఎక్కువగా ఉంది. మూడే స్టేషన్లు, ఏం చెప్పాలో కూడబలుక్కునేలోపే వచ్చేసింది.

ఓనర్ గారి ఇల్లు ఇప్పుడు మూడంతస్తులు. మేమున్న పోర్షన్‌లో పెళ్లి సామాను పెట్టారు. ఆయన వరండాలో కూర్చుని పెట్టుబడి బట్టలు కవర్లలో సర్దుతున్నాడు. నేను మొత్తం చెప్పాను, పెంచకుండా. పెంచకుండా చెప్తే నా కథ ఇంత చిన్నదా అని నాకే ఆశ్చర్యమేసింది. ఆయన మడత ఆపి అడిగాడు.

"సున్నా ఎందుకు రాసినవ్ సార్?"

"ధర తెలియలేదు."

"నన్ను అడుగకపోతివి," అన్నాడు. ఇంకో చీర తీసి, అంచు సరిచేసి, మళ్లీ అన్నాడు. "అడిగినా ఏం చెప్తుంటి. నాకు గూడ తెల్వది. అమ్మేటందుకు నెయ్యలే అది."

గడప దగ్గర నిలబడి ఓనరమ్మ అంతా విన్నది. ఆమె మొహంలో నవ్వు లేదు. నాకు భయమేసిందంటే ఇందులో పెంచిందేమీ లేదు.

"అంటే పద్నాలుగేండ్లు నా మీద కోపం పెట్టుకున్నదా?" అంది. "నా చీరనే కట్టుకొని?"

నేను తలూపాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని లేచి నిలబడ్డాను. భుజాలు కదులుతున్నాయి. అది నవ్వు. కొంగుకి ఆగని నవ్వు. లోపలి నుంచి కోడళ్లు బయటికొచ్చారు, వాళ్లకి చెప్పబోయి చెప్పలేక గడప మీదే కూర్చుంది. కళ్లు తుడుచుకుని, చెల్లెను రేపే పంపమంది. పెండ్లికి గెస్ట్ లెక్క వస్తే ఊరుకోనని, నాలుగు రోజుల ముందు వచ్చి పని చేయాలని చెప్పింది. సర్వపిండి కూడా కట్టి ఇచ్చింది. సగం మెట్రోలో తిన్నాను. పావు వంతు. సరే, సగమే.

మా ఆవిడ మర్నాడే వెళ్లింది. నాలుగు రోజులు ఇంట్లో నేనొక్కణ్ణే, ఉప్పు నేనే వేసుకున్నాను. వెళ్లేముందు తెనాలికి ఫోన్ చేసి, వదినా, ఆ నీలం చీర నీది కాదట అంది. ఆమె ఏమాత్రం తడుముకోకుండా, నేనూ అనుకుంటూనే ఉన్నానమ్మా అంది. పద్నాలుగేళ్లుగా అనుకుంటూనే ఉందట.

పెళ్లి అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక హైవే మీద ఒక ఫంక్షన్ హాల్లో. నేను వెళ్లేసరికి ముహూర్తానికి ఇంకా టైముంది. ఓనర్ గారు గేటు దగ్గరే నన్ను పట్టుకుని, చేయి వదలకుండా తీసుకెళ్లి, మండపం పక్కన ఒక బల్ల ముందు కూర్చోబెట్టాడు. బల్ల మీద పసుపు బొట్టు పెట్టిన కొత్త నోటుబుక్కు, ఒక పెన్ను. చదివింపులు రాయాలి. మా ఇంట్లో గింత లెక్క తెలిసినోళ్లు ఎవరున్నరు సార్ అన్నాడు. శిక్ష వేసే మనిషి ఇంత మర్యాదగా వేయడం నేనెక్కడా చూడలేదు.

మూడు గంటలు రాశాను. పేరు, ఊరు, ఎంత. ఎవరైనా చీరో గిన్నో తెచ్చి చేతికిస్తే లేచి నిలబడి, ఎవరు కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఏ రంగు, అంచు ఏమిటి, అన్నీ అడిగి రాశాను. వెనక లైన్ ఆగిపోయి జనం గొణిగారు. ఆగనిచ్చాను.

మధ్యాహ్నం మా ఆవిడ వచ్చింది. నీలం చీర, ఎర్ర అంచు. పక్కన ఓనరమ్మ, ఇద్దరి చేతులకీ పసుపు. నాలుగు రోజుల్లో ఇద్దరి గొంతులూ ఒకేలా బొంగురుపోయాయి, ఎంత మాట్లాడుకున్నారో. మా ఆవిడ వంగి, నాకు మాత్రమే వినపడేలా చెప్పింది.

"పదివేల నూట పదహారు రాయండి. మీరు చెప్పిన ఐదు వేలకి కట్టిన లెక్కే. నా దగ్గర్నుంచి కాదు, మీ ఇతరముల్లోంచి."

"నా దగ్గర ఎక్కడిది అంత?"

"బ్యాటరీ డబ్బాలో పదకొండు వేల నాలుగు వందలున్నాయిగా. తీసుకొచ్చాను."

కవరు బల్ల మీద పెట్టింది. పదకొండు వేల మూడు వందలే అని నేననుకుంటూ ఉన్నాను. తర్వాత ఇంటికెళ్లి చూసుకుంటే ఆవిడదే సరైన లెక్క.

నేను నోటుబుక్కులో మా పేరు రాసి, ఊరు దిల్‌సుఖ్‌నగర్ అని రాసి, అంకెలు వేయబోయాను. ఓనర్ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్లజోడు పైకి జరిపి, నా పెన్ను కొన వైపు వంగి చూస్తున్నాడు.

"జర నిమ్మలంగ రాయి సార్," అన్నాడు. "సున్నా నీ చేతికి బాగ అలవాటున్నది."